పెద్ద రేడియేటర్ బిగించే ముందు ఇకపై బండిని పరీక్షిస్తాం

మన వర్క్‌షాపుకు లారీలు తెచ్చే ఓనర్లకు, డ్రైవర్లకు నమస్కారం. పని పద్ధతిలో ఒక మార్పు చేశాం, దాని గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. "బండి హీటెక్కుతోంది, పెద్ద రేడియేటర్ వేసేయండి" అని అడిగితే ఇకపై వెంటనే వేయం. ముందు కూలింగ్ సిస్టమ్ మొత్తం చూస్తాం. అందుకు బండిని ముందు రోజు రాత్రే వదిలి వెళ్లాలి. ఇంజన్ పూర్తిగా చల్లారితే గానీ రేడియేటర్ క్యాప్ తీసి, లీకు పట్టే ప్రెజర్ టెస్టు పెట్టలేం. చెకింగ్‌కు విడిగా చార్జీ ఉంటుంది, రేడియేటర్ మార్చనక్కర్లేదని తేలినా ఆ చార్జీ తీసుకుంటాం. బండి ఒక పూట ఆగితే లోడు చేజారుతుందన్న టెన్షన్ మీకుంటుందని తెలుసు. అయినా ఎందుకు పట్టుబడుతున్నామో వినండి.

బండి ఎప్పుడు హీటెక్కుతోందన్న దాన్ని బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు పైకెక్కి, వేగం అందుకోగానే దిగుతోందంటే లోపం సాధారణంగా గాలి దగ్గరే ఉంటుంది. ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలిపి తిప్పే ఫ్యాన్ క్లచ్ సరిగ్గా పట్టకపోవచ్చు, ఫ్యాన్ చుట్టూ తొడుగులా ఉండే ష్రౌడ్ పగిలి ఉండొచ్చు. అదే ఖాళీ బండి బాగానే నడిచి, నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే హీటెక్కితే రేడియేటర్ ట్యూబులు పూడుకుపోయాయేమో చూడాలి. టెంపరేచర్ గన్‌తో రేడియేటర్ అంతటా చూసుకుంటూ వెళ్తే, మధ్యలో ఎక్కడ చల్లగా చూపిస్తే అక్కడ కూలెంట్, అంటే ఇంజన్ వేడిని లాక్కెళ్లే ద్రవం, పారడం లేదని అర్థం.

పెద్ద రేడియేటర్ కోసమే ఈమధ్య ఒక బండి వచ్చింది. ముందు నుంచి చూస్తే ఫిన్స్, అంటే గాలి తగిలే పలుచని రేకులు, శుభ్రంగానే ఉన్నాయి. రేడియేటర్ ముందుండే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) విప్పి పక్కకు జరిపితే, దానికీ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, గడ్డిపరకలు, పురుగులు ఆయిల్ జిడ్డుతో కలిసి దుప్పటి కప్పినట్టు పేరుకుని ఉన్నాయి. బయటి నుంచి ఎంత కడిగినా ఆ పొర కదలదు. సబ్బునీళ్లతో నానబెట్టి, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు వదిలి కడిగాం. ప్రెజర్ ఎక్కువ పెడితే ఫిన్స్ వంగిపోతాయి, అందుకే ఈ పని నిదానంగానే చేయాలి. పాత రేడియేటర్‌తోనే ఆ బండి ఇప్పుడు లోడుతో తిరుగుతోంది.

కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వును తీసేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. అది మేం చేయం. చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ, రేడియేటర్‌ను తప్పించి వెళ్లే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ ఇంజన్‌లోకి తిరిగిపోతుంది. దాంతో లోడు మీద ఇంకా హీటెక్కవచ్చు. లోడు లేనప్పుడేమో ఇంజన్ వేడెక్కక, సగం కాలిన డీజిల్ ఆయిల్‌లో కలిసి, అరుగుదల పెరుగుతుంది. రేటింగ్ (అది తెరుచుకునే వేడి) మార్చకుండా కొత్త థర్మోస్టాట్ వేయించుకోండి, అదే మంచిది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది కూలెంట్ విషయంలో చూపే నిర్లక్ష్యం. పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావాటికి వెట్ లైనర్లు ఉంటాయి, అంటే పిస్టన్ ఆడే లైనర్ గొట్టం బయటి గోడను కూలెంట్ నేరుగా తాకుతుంది. పిస్టన్ దెబ్బకు లైనర్ అదురుతుంది. ఆ అదురుకు గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పగులుతుంటాయి. పగిలిన ప్రతిసారీ లోహాన్ని కొద్దికొద్దిగా తొలిచేస్తాయి. అలా పాడైన లైనర్ బయటికి తీస్తే, పిస్టన్ ఒరిగే వైపు పైనుంచి కిందికి ఒకే వరుసలో సూది గుచ్చినట్టు గుంటలు కనిపిస్తాయి. గుంట అవతలికి దిగిందంటే కూలెంట్ సిలిండర్‌లోకి, అక్కణ్నుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. దీన్ని ఏ రేడియేటరూ ఆపలేదు. ఆపేది కూలెంట్‌లోని రక్షక రసాయనాలే, అవి వాడే కొద్దీ తరిగిపోతాయి. టెస్ట్ స్ట్రిప్ ముంచితే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఇకపై ప్రతి సర్వీసులో ఈ పరీక్ష చేసి, ఆ స్ట్రిప్‌ను మీకు చూపిస్తాం.

వట్టి బోరు నీళ్లు పోస్తే ఈ రక్షణ ఉండదు, పైగా లోపల సున్నం పొర కట్టి వేడిని బయటికి పోనివ్వదు. డీమినరలైజ్డ్ నీళ్లు, గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపితే, 15 పౌండ్ల ప్రెజర్ పట్టే రేడియేటర్ క్యాప్ కింద మరిగే స్థాయి దాదాపు 129 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. క్యాప్ వదులైతే ఆ లాభం పోతుంది. ఈ చిన్న వస్తువును ఎవరూ పట్టించుకోరు. రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంట్లు కలపకండి, రంగును బట్టి రకం తెలియదు.

పెద్ద రేడియేటర్ అసలు వేయమని కాదు. ఇంజన్ పవర్ పెంచినా, బండికి మొదట అనుకున్న దానికన్నా బరువైన పని పెట్టినా అది అవసరమే. అప్పుడైనా మందం కన్నా వెడల్పు, ఎత్తు పెంచడానికే మొగ్గు చూపుతాం, మందం మరీ పెరిగితే గాలి దూరడం కష్టం. సిలికాన్ హోస్ పైపులు వేయించుకోవచ్చు, కానీ వాటికి తగిన క్లాంపులే పడాలి. మామూలు క్లిప్పు గాట్లలోకి సిలికాన్ నొక్కుకుని కోసుకుపోతుంది. పెద్ద లారీలకు బెల్టు ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్లు పెట్టమంటే మాత్రం ఒప్పుకోం, నిండు లోడుకు ఆ గాలి చాలదు.

బండి తెచ్చే ముందు ఇంజన్ కడిగించకండి. వాటర్ పంప్ కింది రంధ్రం దగ్గర, హోస్ చివర్ల దగ్గర ఎండిన కూలెంట్ మరకలను బట్టే లీకు ఎక్కడుందో పట్టుకుంటాం. ఏ కూలెంట్ పోశారో, ఎప్పుడు పోశారో డ్రైవర్‌ను అడిగి రాసి పంపండి. దారిలో ముల్లు ఎర్ర గీత దాటితే బండి పక్కకు ఆపి ఫోన్ చేయండి, వేడి మీద క్యాప్ ముట్టుకోకండి.