కొత్త నేల మీద ఏ పురుగు చెలరేగుతుంది?

ప్రియమైన మిత్రమా,

నా పరిశోధన ఎంతవరకు వచ్చిందని అడిగావు. రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

సరుకులతో, ప్యాకింగ్ చెక్కలతో, నర్సరీ మొక్కలతో పాటు ఎన్నో కీటకాలు ఖండాలు దాటుతూనే ఉంటాయి. చాలావరకు నిలదొక్కుకోలేక నశిస్తాయి. నిలదొక్కుకున్నవాటిలోనూ కొన్ని మాత్రమే తోటలనూ అడవులనూ నాశనం చేస్తాయి. ఎందుకు అవే అన్నది నా సిద్ధాంత వ్యాసం విషయం. ఎక్కువ గుడ్లు పెట్టడం, త్వరగా ఎదగడం, దొరికిందల్లా తినడం వంటి లక్షణాల పట్టిక తయారుచేస్తే జవాబు దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. నాకు ఆ పట్టిక మీద నమ్మకం తగ్గిపోతోంది.

ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పెంకుపురుగునే తీసుకో. తన పుట్టినచోటైన తూర్పు ఆసియాలో అది ఎక్కువగా నీరసించిన యాష్ చెట్లనే పట్టుకుంటుంది. అదే పురుగు 2002లో అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర బయటపడి, ఆ తరువాత ఆరోగ్యంగా ఉన్న యాష్ చెట్లను కూడా కోట్ల సంఖ్యలో చంపేసింది. చచ్చిన చెట్టు బెరడు ఒలిచి చూస్తే, లార్వాలు తొలిచిన సొరంగాలు పాము నడిచినట్టు మెలికలు తిరిగి, మెత్తని రంపపు పొట్టు లాంటి విసర్జనతో నిండి కనిపిస్తాయి. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే దారి అక్కడే తెగిపోతుంది. ఆసియా యాష్ చెట్లు ఈ పురుగుతో తరతరాలుగా పోరాడి రక్షణ సంపాదించుకున్నాయి, అమెరికా చెట్లకు ఆ అవకాశమే రాలేదు. పురుగును అదుపులో ఉంచే పరాన్నజీవి కందిరీగలు కూడా దానితో పాటు సముద్రం దాటలేదు. ఉత్తర అమెరికాలో పైన్ వంటి కోనిఫర్ చెట్ల మీద బతికే విదేశీ కీటకాలను పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో కూడా, నష్టాన్ని ముందుగా సూచించినవి పురుగు లక్షణాలు కావు, పురుగు పుట్టినచోట తిని బతికిన చెట్టుకూ కొత్త చెట్టుకూ ఉన్న వంశదూరం, అంటే పరిణామంలో అవి ఎంత కాలం కిందట విడిపోయాయన్నది, వంటివే. అది చదివాక నా పని దిశే మారింది.

అయితే చెట్టు ఒక్కటే కారణమనుకోవడం కూడా సరికాదు. పేనుబంకను తింటుందని ఆసియా నుంచి తెచ్చిన హార్లెక్విన్ అక్షింతల పురుగును అమెరికాలో 1916 నుంచి పదేపదే వదిలినా, అది స్థిరపడినట్టు తెలిసింది 1988లోనే. ఆ తరువాత ఐరోపా, దక్షిణ అమెరికా, ఆఫ్రికాలను ఆక్రమించిన సంతతికి ప్రధాన మూలం తూర్పు అమెరికాలోని ఆ గుంపేనని జన్యు పరీక్షలు చూపాయి. అన్ని దశాబ్దాలు ఎందుకు ఓడింది, ఒక్కసారి గెలిచాక ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అసలు కష్టం ఓడిపోయిన పురుగుల దగ్గర ఉంది. గెలిచినవి అందరి కంటా పడతాయి, వచ్చి చచ్చిపోయినవి ఆనవాలు మిగల్చవు. గెలిచినవాటినే చూసి సూత్రం కడితే అది నిలవదు. అందుకే రేవుల్లో తనిఖీ అధికారులు సరుకుల్లో పట్టుకున్న కీటకాల జాబితాలు తిరగేస్తున్నాను. వచ్చినట్టు రుజువుండీ ఎక్కడా స్థిరపడని జాతులను వాటి నుంచి ఏరి, వాటి పక్కన స్థిరపడిన దగ్గరి బంధువులను నిలిపి పోలుస్తున్నాను. విసుగు పుట్టించే పనే, అయినా ఈ అధ్యాయం మీదే నాకు ఎక్కువ ఆశ. గణాంక పద్ధతుల్లో నీకు పట్టుంది కదా, చిత్తుప్రతి పంపితే మొహమాటం లేకుండా తప్పులు పట్టు.

నీ
మిత్రుడు