చిత్ర వీక్షణ విభాగం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీ సంక్షేమ సంఘం చిత్ర వీక్షణ విభాగం ఈ ఏడాది చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో ఉన్నందున వాటి జోలికి వెళ్లడం లేదు. నెలకొక ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఒక పాత చిత్రమో కొత్త చిత్రమో చూసి, అక్కడే కూర్చుని అభిప్రాయాలు చెప్పుకోవడం మన పద్ధతి. నిరుడు చర్చలన్నీ ‘బాగుంది’, ‘సాగదీశారు’ అన్న మాటల దగ్గరే ఆగిపోయాయన్న ఫిర్యాదు రావడంతో ఈసారి ఒక నియమం పెట్టుకున్నాం. మాట్లాడేవారు ముందుగా తమ మనసులో నిలిచిన ఒక్క సన్నివేశాన్ని వర్ణించి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. ఇదేదో బడిపిల్లల వ్యాసరచన పోటీలా ఉందని మొదట విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ణి.

ఆ నియమం విలువ ‘మాయాబజార్’ (1957) చూసిన రోజున తెలిసింది. 2010లో విడుదలైన రంగుల ప్రతినే వేయాలని యువ సభ్యులు, నలుపు తెలుపు ప్రతి తప్ప మరొకటి వద్దని పెద్దలు పట్టుబట్టగా, పాతదే పూర్తిగా వేసి, ‘లాహిరి లాహిరి’ పాటను మాత్రం రెండు విధాలుగానూ చూపించాం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపాలతో సృష్టించిన ఆ వెన్నెల నీటి మీద తళుక్కుమంటుంటే, రంగులు కోరిన ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకరు లేచి, రంగుల ప్రతిలో బట్టలు కనిపిస్తున్నాయి గానీ వెన్నెల కనిపించడం లేదని అన్నారు. పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రాకుండానే వారి కథ నడిచిపోయిన సంగతి ఇన్నిసార్లు చూసినా గమనించలేదని మరో నలుగురు ఒప్పుకున్నారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి భుజాలు విరుచుకుని నడిచే తీరు మీదే చర్చ చాలాసేపు నిలిచింది కనుక, మరుసటి నెలకు ఆమె జీవితకథ ‘మహానటి’ (2018)ని ఎంచుకున్నాం. ఆ పాత సన్నివేశాన్ని కీర్తి సురేశ్ మళ్లీ అభినయించిన చోట హాలంతా చప్పట్లు కొట్టినా, సావిత్రి పతనానికి ఇచ్చినంత చోటు ఆమె నటనా సాధనకు ఇవ్వలేదన్న అభిప్రాయం బలంగా వినిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ఏడాది మొత్తంలో అందరినీ కదిలించిన చిత్రం ‘బలగం’ (2023). వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని విడుదలైన కొత్తలో తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి వేసుకున్నారన్న సంగతి తెలిసిందే కనుక, మనమూ హాలు వదిలి పార్కులో, చాపల మీద కూర్చుని చూశాం. కథలో ఇంటి పెద్ద కొమురయ్య పోయాక కాకి ముద్ద ముట్టకపోవడం చూసి, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక సభ్యురాలు తమ వైపూ పిండం దగ్గర ఇలాగే కాకి కోసం ఎదురుచూస్తారని చెప్పగా, పక్కనున్న కరీంనగర్ పెద్దాయన దాన్ని తాము ‘పిట్టకు పెట్టుడు’ అంటామని వివరించారు. విందులో నల్లి బొక్క (మూలుగ ఎముక) పడలేదని అలిగి వెళ్లిన అల్లుడు ఇరవై ఏళ్లు అత్తారింటి గడప తొక్కకపోవడం నవ్వులాటగా ఉందని ఒకరు అనగానే, ముగ్గురు అల్లుళ్లు ఒకేసారి అభ్యంతరం చెప్పారు! చివర ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల పాటతో కుటుంబమంతా కలిసిపోవడం మరీ సులువైపోయిందన్న విమర్శ వచ్చింది. నోరు విప్పి చెప్పుకోలేని మాటను పరాయివాళ్లు పాటగా చెబితేనే వినగలిగే ఇళ్లు మన మధ్య ఎన్నో ఉన్నాయని దానికి సమాధానమూ వచ్చింది. ఆ రాత్రి చాపలు చుట్టేసరికి పదకొండు దాటింది.

‘శంకరాభరణం’ (1980)కు హాలు నిండిపోయింది కానీ చర్చ సాగలేదు, అందరూ పాటలు పాడుకుంటూ ఇళ్లకు వెళ్లారు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’కి వచ్చినవారు పట్టుమని ఇరవై మంది లేరు. పైగా గద్దర్ ‘బండెనక బండి కట్టి’ అందుకున్న కాసేపటికే కరెంటు పోయింది. చీకట్లో కూర్చున్న ఒక పెద్దావిడ, తమ ఊరి దొర గడీ (కోటలాంటి ఇల్లు) ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచేవారని తన తండ్రి చెప్పిన కథను నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. దీపాలు వెలిగాక కూడా సినిమా మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ అడగలేదు. మిగిలిన భాగాన్ని ఆ తర్వాతి వారం చూశాం.

లోపాలు లేకపోలేదు. అద్దెకు తెచ్చిన స్పీకర్లు రెండుసార్లు మొరాయించాయి. మూడు గంటల చిత్రాన్ని ఏడింటికి మొదలుపెట్టడం నా పొరపాటే, ఉదయం బడి ఉన్న పిల్లల తల్లులు సగంలో లేచి వెళ్లాల్సి వచ్చింది. ఇకపై ప్రదర్శన సాయంత్రం అయిదున్నరకే మొదలవుతుంది, విరామంలో టీ ఇస్తాం. కొత్త సంవత్సరంలో మొదటి చిత్రంగా బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988)ని, దాని వెంట ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)ను కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వేరే పేర్లు సూచించదలచిన సభ్యులు, ఎందుకు చూడాలో చెప్పే ఒక్క సన్నివేశాన్ని కూడా రాసి, హాలు గుమ్మం పక్కనున్న పెట్టెలో వేయగలరు.

ఇట్లు
కార్యదర్శి, చిత్ర వీక్షణ విభాగం