బరంపురంలో కలిసిన మాస్టారికి కృతజ్ఞతలు

పాత పుస్తకాల కొట్టులో నిజంగా జరిగిన సాహసగాథలు ఏమైనా ఉన్నాయా అని నేను అడుగుతుంటే మీరే కల్పించుకున్నారు. "ఏటి బాబూ, అట్ట మీద బొమ్మ చూసి కొనీకు. రాసినాయన డైరీలు చదివాడా, బతికొచ్చినోళ్లతో మాట్లాడాడా, అది చూడు" అంటూ ఆల్‌ఫ్రెడ్ లాన్సింగ్ రాసిన ‘ఎండ్యూరెన్స్’ నా చేతిలో పెట్టారు. ఆయన ఆ రెండు పనులూ చేశాడు.

ఆ రాత్రి నిద్ర లేదు. 1915లో అంటార్కిటికా దగ్గర ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ ఓడను మంచు నలిపేసింది. తర్వాత వాళ్లలో ఆరుగురు సాయం కోసం సుమారు ఏడు మీటర్ల పడవలో, ప్రపంచంలోకెల్లా మొండి సముద్రం మీద, వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లి సౌత్ జార్జియా దీవి చేరారు. ఓడలోని 28 మందీ బతికారని ముందే తెలిసినా టెన్షన్ తగ్గలేదు! మొదటి పేజీలు కాస్త నెమ్మదే, అదీ మీరు ముందే చెప్పారు.

పేరడిగితే నవ్వేసి పలాస బండికి వెళ్లిపోయారు. చాలా థ్యాంక్స్ మాస్టారూ. ఇది మీ కంటబడితే, 1972లో ఆండీస్ మంచులో కూలిన విమానం మీద ఏ పుస్తకం మంచిదో కూడా చెప్పండి.