యూట్యూబ్ ఇచ్చానన్న 21,000 కోట్లలో మా వాటా ఎంత? కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి శ్రీ అశ్విని వైష్ణవ్ గారికి,

నమస్కారం.

నేను వరంగల్ జిల్లా నర్సంపేటలో బట్టలు కుడతాను. ఆరేళ్లుగా బ్లౌజ్ కటింగ్ వీడియోలు తీసి రెండు మూడు చోట్ల పెడుతున్నాను. మా మరిది ఫోన్ పట్టుకుంటాడు. వీడియోలో నా చేతులు, కత్తెర, టేపు తప్ప ఇంకేమీ కనిపించవు. ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం, మీతో పాటు నాలాంటి వాళ్లు కూడా దీన్ని చదవాలని.

2025 మేలో ముంబైలో వేవ్స్ అనే మీడియా, వినోద రంగాల సదస్సు జరిగినప్పుడు యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ ఒక లెక్క చెప్పారు. మూడేళ్లలో మన దేశంలోని క్రియేటర్లకు, కళాకారులకు, మీడియా సంస్థలకు కలిపి 21,000 కోట్ల రూపాయలకు పైగా చెల్లించామన్నారు. అంతకు ముందు ఏడాదిలో ఇక్కడ 10 కోట్లకు పైగా చానళ్లు వీడియోలు పెట్టాయని, 10 లక్షల సబ్‌స్క్రైబర్లు దాటినవి 15,000కు పైగా ఉన్నాయని కూడా చెప్పారు. చదివి సంతోషపడ్డాను. తర్వాత కటింగ్ బల్ల మీదే సుద్దముక్కతో భాగించి చూశాను. ఏడాదికి 7,000 కోట్లు. 10 కోట్ల చానళ్లకు పంచితే తలా 700 రూపాయలు, అంటే నెలకు 58. ఒక చీరకు ఫాల్, పికో చేస్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది.

అందరికీ సమానంగా పంచమని అడగడం లేదు. ఆ 10 కోట్లలో మనవరాలి డాన్స్ ఒకటి పెట్టి వదిలేసినవాళ్లు కూడా ఉంటారు. కానీ ఆ మొత్తంలో మ్యూజిక్ కంపెనీలకు ఎంత పోయింది? టీవీ చానళ్లకు ఎంత? తెలుగులో వీడియోలు చేసేవాళ్లకు ఎంత? అందులో నెలకు వెయ్యి రూపాయలు కూడా రానివాళ్లు ఎందరు? అది ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం అడిగినట్టు కూడా కనిపించలేదు.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే ముందు ఒక గేటు దాటాలి. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ (జనం చూసిన సమయం) గానీ, 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వ్యూస్ గానీ ఉండాలి. ఆ 4,000 గంటలు నిమిషాల్లో చెప్పాలంటే 2,40,000. ఒక్కొక్కరు మూడు నిమిషాలు చూసినా 80,000 వ్యూస్ కావాలి. 2018లో ఈ గీత గీసినప్పుడు, అప్పటిదాకా ఎంతో కొంత వస్తున్న చిన్న చానళ్లు కూడా బయటికి వెళ్లిపోయాయి. సరే, ఎక్కడో ఒకచోట గీత ఉండాలి కదా అనుకుందాం. కానీ 2021 జూన్ నుంచి మన దగ్గర గేటు బయట ఉన్నవాళ్ల వీడియోల మీద కూడా ప్రకటనలు వేసుకోవచ్చని షరతుల్లో రాసుకున్నారు. ఆ డబ్బులో వీడియో తీసినవాళ్లకు పైసా రాదు. ఈ సంగతి మా తోటి వాళ్లకు చెబితే సగం మంది నమ్మరు. "ప్రకటన వస్తుందంటే డబ్బు వస్తున్నట్టే కదక్కా" అంటారు.

మా నాన్న పాలుకు, అంటే పంటలో వాటాకు, పొలం చేసేవాడు. కాంటా ఆసామిదే, లెక్క పుస్తకం కూడా ఆసామిదే. అయినా కల్లంలో కుప్ప ఎంతయిందో నాన్న తన కళ్లతో చూసేవాడు. పొడవు వీడియోల మీద ప్రకటనల డబ్బులో 55 శాతం మాకని యూట్యూబ్ వాళ్లు చెబుతారు. దేంట్లో 55 అన్నది మాత్రం వాళ్లు చూపించిన అంకెను బట్టి నమ్మాల్సిందే.

వేరే చోట్లా డబ్బున్నవాళ్లదే పెత్తనం. అమెరికాలో 2016లో స్టీమిట్ అని ఒక సోషల్ మీడియా సైట్ పెట్టారు. రాసినవాళ్లకు, మెచ్చినవాళ్లకు కూడా డబ్బు ఇస్తామన్నారు. కానీ అక్కడ మనిషికి ఒక ఓటు కాదు. ఎవరి దగ్గర ఎక్కువ టోకెన్లు (ఆ సైట్ సొంత డిజిటల్ నాణేలు) ఉంటే వాళ్ల మెచ్చుకోలుకు అంత బరువు. 2020లో ఒక వ్యాపారి దాన్ని కొన్నాక, క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో (డిజిటల్ నాణేలు కొని అమ్మే చోట్ల) జనం దాచుకున్న టోకెన్లతో కూడా ఓట్లు వేయించారు. వాడేవాళ్లలో చాలామంది విడిపోయి హైవ్ అని వేరే కుంపటి పెట్టుకున్నారు. ఇంత దూరం పోనక్కర్లేదు. ఎక్స్ (పాత ట్విట్టర్)లో వాటా కావాలంటే ముందు మనమే నెలనెలా చందా కట్టాలి. చందా కట్టినవాళ్ల జవాబులకే ముందు చోటు.

ఇక నా సంగతి. ఒక వేదిక (పేరు ఇక్కడ రాయను) రెండేళ్ల క్రితం నా మానిటైజేషన్ (వీడియోల మీద డబ్బు రావడం) ఆపేసింది. వీడియోలు నా సొంతం కావట. చేతి మీద కాలిన మచ్చతో సహా కనిపిస్తుంటే సొంతం కాకుండా ఎలా పోతుంది? అప్పీలు పెట్టాను. గంట తిరక్కముందే, నా పేరు కూడా లేని జవాబు వచ్చింది. నాలుగు నెలల తర్వాత ఏ కారణం చెప్పకుండానే మళ్లీ మొదలైంది. ఆ నాలుగు నెలలూ మిషన్ లోన్ వాయిదాల టెన్షన్ నాదే.

మీ శాఖ నియమాలు చదివించుకున్నాను. 2021 ఐటీ నియమాల ప్రకారం పెద్ద సంస్థ తనంతట తాను ఒక పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. సంస్థల నిర్ణయాల మీద ఫిర్యాదు చేసుకోవడానికి 2023లో అప్పీళ్ల కమిటీలు కూడా వేశారు. మంచిదే. కానీ వీడియోను అలాగే ఉంచి డబ్బు మాత్రం ఆపేస్తే? ఆ మాట అందులో లేదు. యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టంలో ఉంది. 17వ అధికరణలో, చెల్లింపులు ఆపినా తగ్గించినా కారణం రాసి ఇవ్వాలని స్పష్టంగా చెప్పారు.

క్రియేటర్ల కోసం 100 కోట్ల డాలర్ల నిధి అని 2025 మార్చిలో మీరే ప్రకటించారు. రానివ్వండి. దాని దరఖాస్తు నింపగలిగేది ఎవరో ఊహించగలను. నాకు ముందు కావలసింది చిన్నవి. డబ్బు ఆపితే కారణం రాసి ఇవ్వాలన్న ఆ ఒక్క వాక్యం మన నియమాల్లో కూడా చేర్చండి. ఆపిన డబ్బు గురించి కమిటీ ముందుకు తెలుగులో వెళ్లే వీలు కల్పించండి. చెల్లించిన సొమ్ము ఏ భాషకు ఎంత, ఎంత సంపాదించేవాళ్లు ఎందరు అన్న లెక్కను ఏటా బయటపెట్టమని ఈ సంస్థలన్నిటినీ అడగండి. మా పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

జవాబు ఇంగ్లిష్‌లో వచ్చినా పర్వాలేదు, మా మరిది చదివి చెబుతాడు. రెడీమేడ్ జవాబు మాత్రం వద్దండి.

ఇట్లు,
ఒక టైలర్,
నర్సంపేట