కివీ అంటే పిట్టా, పండా, నేనా?

ఒరేయ్ సూరీ,

నిన్న ఫోన్‌లో "ఏరా కివీ, ఎలా ఉన్నావ్" అని పకపకా నవ్వావు చూడు, అప్పట్నుంచి ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో చెప్తే సగంలో కట్ చేస్తావు, అందుకని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

అమ్మకి డెంగీ, ప్లేట్‌లెట్లు పెరగాలంటే తినిపించమన్నారని డజను కివీలు కొన్నానన్నావు కదా. ఇక్కడ న్యూజిలాండ్‌లో, మా ఆక్లాండ్‌లో మాత్రం ఆ మాట అలా వాడకు. ఇక్కడ కివీ అంటే పిట్ట, లేదా మనిషి. పండైతే కివీఫ్రూట్ అని పూర్తిగా అనాల్సిందే. వచ్చిన కొత్తలో ఆఫీసులో "లంచ్‌కి రెండు కివీలు తెచ్చుకున్నా" అన్నాను. పక్క సీటావిడ చాలా సీరియస్‌గా "మాలో ఎవరెవర్ని?" అనడిగింది. ఏడాదిపాటు ఆ జోకుతో నన్ను చంపేశారు.

నిజానికి ఆ పండుది ఈ దేశమే కాదు, చైనా. 1904లో వాంగనుయి అనే ఊళ్లో ఆడపిల్లల స్కూల్ ప్రిన్సిపాల్ ఇసబెల్ ఫ్రేజర్ చైనా వెళ్లి వస్తూ గింజలు తెచ్చింది. చాలాకాలం దాన్ని చైనీస్ గూస్‌బెర్రీ అనేవాళ్లు. అమెరికాలో అమ్మాలంటే ఆ పేరు పనికిరాదన్నారు. మెలనెట్ అందామనుకుంటే అక్కడ మెలన్ల (ఖర్బూజా లాంటి పండ్ల) మీద సుంకం బాదేస్తారట! చివరికి 1959లో టర్నర్స్ అండ్ గ్రోయర్స్ అనే కంపెనీ కివీఫ్రూట్ అని పెట్టింది. అప్పటికే ఇక్కడి జనాన్ని కివీలు అనడం మొదలై నలభై ఏళ్లు దాటింది. నువ్వేమో పండుని బట్టి మనుషులకి ఆ పేరొచ్చిందనుకుంటున్నావు.

అన్నిటికన్నా ముందు పిట్ట. ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో మాట అది, మగపిట్ట అరుపుని బట్టి వచ్చిందంటారు. కోడంత ఉంటుంది, తోక ఉండదు, రెక్కలు ఈకల్లో ఎక్కడో దాక్కుని ఉంటాయి, రాత్రిళ్లే బయటికొస్తుంది. ముక్కు రంధ్రాలు ముక్కు చివర్న ఉంటాయి, నేల పొడుస్తూ వాసన పట్టి పురుగుల్ని తింటుంది. గుడ్డైతే పెట్ట బరువులో ఇంచుమించు ఐదోవంతు, పాపం. వేరే దేశాలు సింహాన్నో గద్దనో పెట్టుకుంటే వీళ్లు ఈ సిగ్గరి పిట్టని పెట్టుకున్నారు. వీళ్ల వైమానిక దళం గుర్తులో కూడా ఇదే ఉంటుంది. ఎగరలేని పిట్ట, విమానం మీద!

1898లో స్టాంపుల మీదికెక్కింది. 1905లో వీళ్ల రగ్బీ జట్టు బ్రిటన్ వెళ్లి అందర్నీ చితక్కొట్టి వేల్స్ చేతిలో ఒక్క మ్యాచ్ ఓడిపోయింది, ఆ రోజుల్లో కార్టూన్లలో ఈ పిట్ట కనిపించింది. అయితే అప్పటికింకా కివీ అంటే దేశమే, మనిషి కాదు.

ఇక మన బూట్ల పాలిష్ డబ్బా సంగతి. ఆ కివీ పాలిష్ 1906లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. యజమాని విలియం రామ్సే భార్యది న్యూజిలాండ్, అత్తారి దేశం మీద ప్రేమతో పిట్ట బొమ్మ వేయించాడు (అల్లుడంటే అలా ఉండాలి). మొదటి ప్రపంచ యుద్ధంలో చాలామంది సిపాయిల బూట్లకి అదే. అదే యుద్ధంలో 1917 నాటికి న్యూజిలాండ్ సిపాయిల్ని కివీలు అనడం మొదలైంది, అంతకుముందు ఎన్‌జెడ్డర్లు (ఎన్‌జెడ్ అంటే న్యూజిలాండ్) అనేవాళ్లు, నోరు తిరిగి చావదు. డబ్బా వల్లే పేరొచ్చిందని నేననను గానీ, అన్ని సంచుల్లో ఆ పిట్ట తిరిగిందంటే ఎంతో కొంత సాయపడే ఉంటుందని నా అనుమానం.

యుద్ధం అయిపోయింది, ఇంటికి పోదామంటే ఓడల్లేవు. ఇంగ్లాండ్‌లో స్లింగ్ క్యాంపులో వేలమంది ఇరుక్కుపోయి విసుగెత్తి 1919లో అల్లర్లకి దిగారు. ఖాళీగా ఉంచితే లాభం లేదని పై అధికారులు పక్కనున్న బుల్ఫర్డ్ సుద్దకొండ మీద కివీ బొమ్మ చెక్కమన్నారు. 400 అడుగుల పైచిలుకు పిట్ట! ఇప్పటికీ ఉంది. తర్వాత చాలా ఏళ్లు దాని నిర్వహణ ఖర్చు పెట్టుకున్నదెవరనుకున్నావ్? ఆ పాలిష్ కంపెనీయే.

ఇప్పుడైతే ఆ మాట తగిలించనిది లేదు. ఫారెక్స్ వాళ్లకి, అంటే విదేశీ డబ్బు మారకం చేసేవాళ్లకి, ఇక్కడి డాలర్ పేరే కివీ. 2002లో కివీబ్యాంక్ వచ్చింది, నా జీతంలోంచి కోసే పెన్షన్ పొదుపు కివీసేవర్. మన పేపర్లలో క్రికెట్ జట్టంటే కివీసే కదా. మావోరీలో ఒక పిట్టైనా వంద పిట్టలైనా కివీయే, ఆ "స్" ఉండదు.

మరి మనిషుల్లో ఎవరు కివీ అంటే, అక్కడే పేచీ. 2010లో గవర్నర్ జనరల్ ఆనంద్ సత్యానంద్. ఆక్లాండ్‌లోనే పుట్టాడు, అమ్మానాన్నలు ఫిజీ భారతీయులు. ఒక టీవీ యాంకర్ లైవ్‌లో ప్రధానమంత్రిని "ఈయన అసలు న్యూజిలాండ్ మనిషేనా?" అని అడిగేశాడు. పెద్ద గొడవై ఉద్యోగం వదిలేశాడనుకో. కానీ దేశాధినేత ప్రతినిధి పరిస్థితే అదైతే మనమెంతరా!

నేను ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేసి మొన్నటికి రెండేళ్లు. మావాడు స్కూల్లో ఎవరడిగినా "నేను కివీ" అంటాడు, తడుముకోడు. నన్ను మాత్రం ఇప్పటికీ బస్సులో ముసలాయన "అది సరే, అసలు మీదెక్కడ?" అంటాడు, మంచివాడే, తెనాలి ఎక్కడుందో ఓపిగ్గా వింటాడు. పోయిన సంక్రాంతికి టీలో చక్కెర తగ్గించమంటే మా మావయ్య "వీడు కివీ అయిపోయాడే" అన్నాడు, నిన్న నువ్వన్నావు. లెక్క చూస్తే నన్ను కివీ అన్నది మీరిద్దరే, ఇక్కడ ఒక్కడూ అనలేదు. ఆ సిపాయిలకీ ఇల్లొదిలి అంత దూరం వెళ్లాకే ఆ పేరు తగిలింది కదా అని రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే నవ్వొచ్చింది.

సర్లే, అమ్మకి కౌంట్ ఎంతకొచ్చిందో వెంటనే చెప్పు. పండ్ల సంగతి డాక్టర్ని అడుగు, నన్నడక్కు. అన్నట్టు ఆ పండ్ల మీద స్టిక్కరుంటుంది, ఏ దేశానివో చూడు. ఇరాన్‌వో ఇటలీవో అయ్యుంటాయి.

నీ
ప్రసాద్