ఇంకొక్కసారి నెట్ దాటించండి

తల్లిదండ్రులకు నమస్కారం.

శని, ఆదివారాల్లో మన బడి టెన్నిస్ కోర్టును పిల్లలతో పాటు మీకూ తెరిచాక, వచ్చేవాళ్లు బాగానే పెరిగారు. రాకెట్ పట్టడం చాలామందికి కొత్త కాదు, కోచ్ దగ్గర నేర్చుకున్నవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈసారి మార్కులు, హాజరు సంగతి పక్కన పెట్టి ఆట గురించే రాస్తున్నాను.

మొన్న ఒక నాన్న, ఏడో తరగతి చదివే కూతురు ఒక సెట్ ఆడారు. ఆయన కొట్టిన ఒక ఫోర్‌హ్యాండ్‌కి బయట కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి మూడు బంతులూ వెనక కంచెకు తగిలాయి. ఆ అమ్మాయి దేన్నీ గట్టిగా కొట్టలేదు. నెట్ మీద నుంచి కాస్త ఎత్తుగా, కోర్టు లోపలికి పంపడమే తప్ప ఇంకేమీ చేయలేదు. సెట్ ఆమె గెలిచింది. "నువ్వసలు షాట్లే కొట్టట్లేదు కదే" అని ఆయన విసుక్కుంటే, "నువ్వు కొడుతున్నావుగా నాన్నా" అంది.

సరదాగా ఆడే మన స్థాయిలో పాయింట్లు చాలావరకు గొప్ప షాట్లతో రావు. ఎదుటివాళ్లు బంతిని నెట్‌కో, గీత బయటికో కొట్టుకుంటే వస్తాయి. కాబట్టి మనం ముందు నేర్చుకోవాల్సిన ఎత్తుగడ ఒక్కటే: వాళ్ల కంటే ఒక్క బంతి ఎక్కువ లోపల వేయడం. నెట్‌ను రాసుకుంటూ పోయేలా కొట్టాలని చూడకండి. రెండు మూడడుగుల పైనుంచి పోనివ్వండి, లోతుగా, అంటే అవతలి వెనక గీతకు దగ్గరగా కూడా పడుతుంది.

ఎటు కొట్టాలన్నది కొలతలే చెబుతాయి. నెట్ స్తంభాల దగ్గర మూడున్నర అడుగుల ఎత్తు ఉంటే, మధ్యలో 3 అడుగులే. కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్ కోర్టును ఐమూలగా కొలిస్తే 82 దాటుతుంది. అంటే క్రాస్‌కోర్ట్, అదే ఐమూలగా, కొట్టినప్పుడు బంతి నెట్ తగ్గుగా ఉన్న చోట దాటుతుంది, పడటానికి నాలుగడుగుల జాగా ఎక్కువ దొరుకుతుంది. కొట్టాక మళ్లీ సరైన చోటికి వచ్చి నిలబడటానికి పరిగెత్తాల్సిన దూరమూ తక్కువే. పక్క గీత వెంబడి తిన్నగా కొట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ, బంతి నెట్‌కు దగ్గరగా పొట్టిగా పడి, మీరు తీరిగ్గా నిలబడి ఉన్నప్పుడే దాని జోలికి వెళ్లండి.

షాట్ చెడిందంటే అందరూ చేతినే తప్పు పడతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు కాళ్లది. ఎదుటివాళ్ల రాకెట్ బంతికి తగిలే సమయానికి ఉన్నచోటే చిన్నగా ఎగిరి, రెండు పాదాల మీద దిగండి. దీన్నే స్ప్లిట్ స్టెప్ అంటారు. దీనివల్ల ఏ పక్కకైనా మొదటి అడుగు వెంటనే పడుతుంది. బంతి ఎటు వస్తుందో తెలియగానే భుజాలు తిప్పేయండి, అది నేలకు తగిలేదాకా ఆగకండి. బంతిని ఒంటికి కాస్త ముందే అందుకోండి. చివరి క్షణంలో మణికట్టు తిప్పి సరిచేద్దామంటే కుదరదు. బంతి స్ట్రింగ్స్ మీద ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది.

ఇక సర్వ్. ఎక్కువమంది మొదటి సర్వ్‌ని బలమంతా పెట్టి బాది, అది పోయాక రెండోదాన్ని భయంభయంగా తట్టి పంపుతారు. ఆ టెన్షన్‌లోనే డబుల్ ఫాల్ట్ వస్తుంది, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోతుంది. మొదటి సర్వ్‌లో వేగం కొంచెం తగ్గించండి. రెండోదానికి చెయ్యి నెమ్మది చేయకుండా స్పిన్ పెంచండి. దానికి రాకెట్‌ని కాంటినెంటల్ గ్రిప్‌తో పట్టుకోవాలి. సుత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటే దాదాపు అదే. అయితే సర్వ్ సగం టాస్‌లోనే, అంటే బంతిని పైకెగరేయడంలోనే ఉంది. బంతిని అరచేతిలో కాకుండా వేళ్ల కొసలతో పట్టండి. మోచెయ్యి వంచకుండా చెయ్యి మొత్తం పైకెత్తి, కంటి ఎత్తుకు రాగానే వదిలేయండి. బంతి గిరగిరా తిరుగుతూ లేస్తోందంటే మణికట్టుతో ఎగరేస్తున్నారన్నమాట. కొట్టకుండా టాస్ మాత్రమే వేసి, కింద పడనిచ్చి చూడండి. ముందు పాదానికి ఎదురుగా, బేస్‌లైన్‌కి (కోర్టు వెనక గీతకి) ఓ అడుగు లోపల పడితే బాగున్నట్టే. టాస్ తేడాగా వెళ్తే కొట్టాలని రూలేమీ లేదు. పట్టేసుకుని మళ్లీ వేసుకోవచ్చు, అది ఫాల్ట్ కాదు. పెద్దవాళ్లలో కూడా చాలామంది మొహమాటానికి పోయి ఎటో పోతున్న బంతిని వెంటాడి కొడుతుంటారు.

డబుల్స్‌లో గొడవంతా మధ్యలోంచి పోయే బంతి గురించే. "నాది", "నీది" అని గట్టిగా అనండి. భార్యాభర్తలు జట్టుగా ఆడేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

చిన్నపిల్లలకు ఎర్ర బంతులు ఎందుకిస్తున్నారని కొందరు అడిగారు. మామూలు పసుపు బంతి వాళ్ల భుజాల పైకి లేస్తుంది. దాన్ని అందుకోవడానికి పట్టు, స్వింగ్ రెండూ వంకర చేసుకుంటారు, అదే అలవాటైపోతుంది. ఎర్ర బంతి దాదాపు 75 శాతం నెమ్మది, చిన్న కోర్టు మీద ఆడతారు. తర్వాత ఆరెంజ్, ఆపైన గ్రీన్. పదేళ్ల లోపు వాళ్ల పోటీల్లో ఇలాంటి నెమ్మది బంతులే వాడాలని 2012 నుంచి అంతర్జాతీయ నియమమే ఉంది. "మావాడు పెద్దవాళ్ల బంతితో ఆడగలడండీ" అనకండి, కాస్త ఆగండి.

పాయింట్ పోయిన ప్రతిసారీ బయటినుంచి "ఏంట్రా అది!" అనే తల్లిదండ్రులకు ఒక లెక్క చెబుతాను. టెన్నిస్ దిగ్గజం రోజర్ ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో తన గురించి తానే చెప్పింది: ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడు, పాయింట్లు మాత్రం 54 శాతమే. అంతటివాడికే సగానికి కాస్త తక్కువ పాయింట్లు పోయాయి. మన పిల్లవాడు వరసగా రెండు పోగొట్టుకుంటే అరవాల్సిన పనేముంది?

అంపైర్ లేని ఆటలో ఎవరి వైపు గీతలు వాళ్లే చూసుకోవాలి. బంతి గీతకు కొంచెం తగిలినా లోపలే. అనుమానం ఉంటే ఎదుటివాళ్లకే ఇచ్చేయాలి. బయట కూర్చున్నవాళ్లు "అవుట్" అని కేక వేయకూడదు, పిల్లలు చూసి అడిగినా సరే. ఈ ఒక్క విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను.

వచ్చే శనివారం నుంచి మొదటి గంట ఎర్ర బంతుల వాళ్లది. తర్వాత పెద్దవాళ్లకు టాస్, రెండో సర్వ్ మీద పీఈటీ సార్ సాధన చేయిస్తారు. కోర్టు మీద గీతలు పడని అడుగున్న బూట్లతో రండి. రాకెట్ లేనివాళ్లకు బడిలో ఉన్నవి ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు