మేనమామ సంగతి కూడా అడుగు

చిన్నీ,

వచ్చే వారం నుంచి ఓరల్ సర్జరీ పోస్టింగ్ అన్నావుగా. పన్ను పీకడం త్వరగానే చేతికొస్తుంది, దానికి టెన్షన్ పడకు. నేను చెప్పాలనుకున్నది అంతకుముందు అడిగే ప్రశ్నల గురించి.

"జబ్బులేమైనా ఉన్నాయా?" అంటే మనవాళ్ళు "ఏం లేవమ్మా" అనేస్తారు. మాత్రతో అదుపులో ఉన్న షుగర్‌ని జబ్బు కింద లెక్కేయరు. "రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు?" అని అడుగు, సంచిలోంచి మందుల చీటీ బయటికొస్తుంది. షుగర్ ఉంటే పన్ను పీకకూడదని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదుపులో ఉంటే పీకొచ్చు. అసలు చిక్కు, రక్తపరీక్ష చేస్తారేమోనని మాత్ర వేసుకుని టిఫిన్ మానేసి వచ్చేవాళ్ళతో. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే సూదంటే భయంలే అనుకోకు. షుగర్ చూడు. 70 కన్నా తక్కువుండి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడు.

గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవాళ్ళు కొందరు, రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్‌ని తామే ఆపేసి వస్తారు. ఒక పన్ను కోసం అది ఆపక్కర్లేదు. చిగురు దగ్గర కారే రక్తాన్ని అదిమి, కుట్టు వేసి ఆపగలం. స్టెంట్‌లో గడ్డ కడితే మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక రక్తం ఆగని జబ్బులు. పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. చెవులు కుట్టినప్పుడు, పాలపళ్ళు ఊడినప్పుడు రక్తం ఎంతసేపు కారిందో అడుగు. మేనమామలకెవరికైనా ఇలా ఉందా అనీ అడుగు. హీమోఫీలియా ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. అలాగని ఆడపిల్లను వదిలెయ్యకు, మేనరికాలు చేసుకునే మన ఇళ్ళలో మరీను. తండ్రికి ఆ జబ్బు ఉండి, తల్లి ఆ లోపాన్ని మోసే క్యారియర్ అయితే కూతురికీ రావచ్చు. వాన్ విల్లెబ్రాండ్ అని రక్తం ఆగని జబ్బే ఇంకొకటుంది, దానికైతే ఆడా మగా తేడాయే లేదు. నెలసరి మరీ ఎక్కువగా అవుతుందా అని అడగడానికి మొహమాటపడకు. ఏ కాస్త అనుమానమున్నా కింది దవడకు బ్లాక్, అదే నరం దగ్గర లోతుగా ఇచ్చే మత్తు సూది, ఇవ్వకు. లోపల రక్తం కారి గొంతు పక్కన చేరితే ఊపిరికే ముప్పు. ముందు రక్తపు జబ్బులు చూసే హెమటాలజిస్టు, అవసరమైతే రక్తం గడ్డకట్టడానికి ఎక్కించే ఫ్యాక్టర్, ఆ తర్వాతే పన్ను. ఇలాంటివాళ్ళకు నొప్పికి బ్రూఫెన్ లాంటివి రాయకు, పారాసిటమాల్ చాలు.

"బయట అంత లైనుంటే ఇన్ని ప్రశ్నలేంటి?" అని సీనియర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. పల్లెల నుంచి వచ్చేవాళ్ళ పని మాత్రం పొద్దున్నే కానిచ్చెయ్. సాయంత్రం మళ్ళీ రక్తం కారితే వెనక్కి రావడానికి వాళ్ళకు బస్సుండాలి.

అమ్మ